వసతిగృహమున కంప్యూటరు: తల్లులు తెలిసికొనవలసిన సంగతులు

పూర్వము ఆడుబిడ్డను అత్తవారింటికి పంపునపుడు సారెలో ఏమేమి పెట్టవలెనో తెలిపెడి జాబితా యొకటి ప్రతి యింటను పెద్దల నోట నుండెడిది. ఏ వస్తువు మఱచినను అమ్మమ్మయో మేనత్తయో జ్ఞాపకము చేయుచుండెను. ఇప్పుడు మన యాడపిల్లలు అత్తవారింటికంటె ముందుగా విశ్వవిద్యాలయముల వసతిగృహములకు పోవుచున్నారు. ఈ ప్రయాణమునకును తల్లులు సర్దుచునే యున్నారు. పరుపుచుట్ట, బకెట్టు, తాళముకప్ప, ఆవకాయ జాడీ, కందిపొడి సీసా, అన్నియు సిద్ధమగును. పెట్టెలో మెత్తని బట్టల నడుమ పిల్ల తానుగా సర్దుకొనిన వస్తు వొకటి యుండును. అది కంప్యూటరు. తక్కిన వస్తువు లన్నిటిని గూర్చియు నాలుగు మంచిమాటలు చెప్పగల తల్లి, ఆ యొక్కదాని కడ మాత్రము ఊరకుండును. "అది నీ వెఱిగిన సంగతి తల్లీ" యని పెట్టె మూసివేయును.

మేమును మొన్నమొన్నటివఱకు అట్లు మూసివేసినవారమే. ఆ మౌనము తగదని మాకు తెలిసివచ్చిన విధమును, ఆపైన మేము నేర్చుకొనిన నాలుగు సంగతులను సోదరీమణులతో చెప్పుకొనుటకే యీ వ్యాసము.

మా యనుభవము

మా అక్కగారి కుమార్తెకు ఒక విశ్వవిద్యాలయమున సీటు వచ్చినది. అక్కగారికి మోకాళ్ళ నొప్పులగుటచే మేమే వెంటబోయి పిల్లను చేర్చితిమి. గదిలో రెండు మంచములు, రెండు బల్లలు, రెండు బీరువాలు గలవు. ఒక్కొక్క బల్లపైన గోడకు తెల్లని చిన్న పెట్టె బిగించియున్నది. అందు చతురస్రాకారముగ నొక రంధ్రము. "పిన్నీ, తీగ తగిలించిన నెట్‌వర్కు వచ్చున దిందులోనుండియే" అని పిల్ల చూపెను. తీగ లేకుండ గాలిలో వచ్చు వైఫై ఆ భవనమున వరండావఱకే చక్కగా నందుచున్నది. మూలగది యగుటచే లోపల అందుట లేదు.

పిల్ల కంప్యూటరు క్రొత్తది, మిక్కిలి పలుచనిది. తీగ ప్లగ్గు పెట్టుటకు దానికి రంధ్రమే లేదు. గేటు బయటి దుకాణమునకు పోయి ఒక తీగను, తీగకును కంప్యూటరునకును నడుమ తగిలించు అడాప్టరును కొని తెచ్చితిమి. తగిలింపగానే చిన్న ఆకుపచ్చని దీపము మినుకుమినుకు మనెను. కాని తెరపై ఏ పేజీయు తెఱచుకొనలేదు. కార్యాలయమున నడుగగా నొక కాగితమిచ్చి, కంప్యూటరు యొక్క మ్యాక్ అడ్రసు వ్రాసి యిండనిరి. పిల్ల కంప్యూటరులో వెదకి, కనబడిన పండ్రెండక్షరముల అంకెను వ్రాసి యిచ్చెను. "రేపటికి వచ్చును" అనిరి.

మఱునాడు రాలేదు. మరల పోయితిమి. "మా వైపున అంతయు సరిగానే యున్నది, దోషము మీ కంప్యూటరులోనే" యని పంపివేసిరి. మూడవనాడు పిల్ల తాను చదువగోరు పాఠ్యాంశములను కంప్యూటరు ద్వారా ఎంచుకొనుటకు కడపటి దినము, గడువు అర్ధరాత్రి. చేతిఫోనుతో ప్రయత్నించితిమి గాని, ఆ పేజీ విశ్వవిద్యాలయపు నెట్‌వర్కు లోపలనుండి మాత్రమే తెఱచుకొనునట. అందఱి యుపయోగము కొఱకు పెట్టిన కంప్యూటరు గది యొకటి గలదు. పగలు పోయి చూచితిమి. క్రొత్తగా చేరిన పిల్లలందఱును అక్కడనే యుండిరి. గంటన్నర నిలుచుండి తిరిగి వచ్చితిమి. ఆ గది అర్ధరాత్రివఱకు తెఱచియే యుండును. కాని అది వేఱొక భవనమున నున్నది. ఆడపిల్లల హాస్టలు గేటు రాత్రి ఎనిమిదిన్నరకే మూయుదురు. మగపిల్లల హాస్టలునకు ఆ నియమము లేదు.

ఏడున్నరవేళకు పిల్ల కన్నీరు పెట్టుకొని కూర్చుండెను. మాకును ఏమియు తోచలేదు. అంతలో ఎదురుగది పై తరగతి పిల్ల యొకతె తెఱచిన తలుపులోనుండి చూచి, "ఏమైనదమ్మా?" యని లోనికి వచ్చెను. కాగితము నకలును, కంప్యూటరును చూచి రెండు నిమిషములలో నవ్వి, "అమ్మగారూ, మీరు వ్రాసి యిచ్చినది వైఫై అంకె. తీగ తగిలించినది అడాప్టరునకు గదా, దాని అంకె వేఱు" అనెను. తన గదిలోని కంప్యూటరునుండి కార్యాలయమువారి పేజీ తెఱచి, మా పిల్లచేతనే సరియైన అంకె వ్రాయించెను. ఆ సవరణ మనమే చేసికొనవచ్చునని మాకెవ్వరును చెప్పియుండలేదు. పావుగంటలో మా పిల్ల కంప్యూటరు పనిచేసెను. గేటు మూయువేళకు మేము బయటికి వచ్చితిమి. పిల్ల తన పాఠ్యాంశముల నెంచుకొనినట్లు పది గంటలకు ఫోనులో చెప్పెను.

ఇందులో ఎవరి నిందించుటకును మేము పూనుకొనుట లేదు. ఒక్క అంకె సంగతి మాలో ఎవరికైన తెలిసియున్న మూడు దినముల దుఃఖము తప్పియుండెడిది గదా యనునదే మా బాధ. ఆ పై తరగతి పిల్ల ఆ గడియకు రాకుండిన, ఆ బిడ్డ చదువు దారి యొకటి మూసికొని పోయియుండును.

తీగ, అంకె, చిరునామా

ఈ సంగతులు వినుటకు కఠినముగ దోచును గాని, కందికి కొలత, బియ్యమునకు ఎసరు తెలిసిన గృహిణికి ఇవి యెంతమాత్రము కష్టము కావు.

మొదట తీగ. ఆ లావుపాటి నీలిరంగు తీగను కోసి చూచిన లోపల ఎనిమిది సన్నని రాగితీగలుండును. అవి రెండేసి చొప్పున నాలుగు జతలు. ప్రతి జతయు నూలు పురిపెట్టినట్లు మెలివేసియుండును. అది అందము కొఱకు కాదు. చుట్టుపట్ల నున్న విద్యుత్తు తీగలనుండి వచ్చు అలజడి జతలోని రెండు తీగలకును ఇంచుమించు సమముగ తగులును గనుక, ఆవలి కొనయందు దానిని తీసివేసి అసలు వార్తను మాత్రము గ్రహింప వీలగును. టెలిఫోను కనిపెట్టిన అలెగ్జాండరు గ్రాహం బెల్ 1881వ సంవత్సరముననే ఈ మెలిని గూర్చి యోచించెను. ఇట్టి తీగ సాధారణముగ 100 మీటర్లవఱకు పనిచేయును. ఆపైన నడుమ నొక స్విచ్చి కావలెను. స్విచ్చి యనగా దీపము వెలిగించునది కాదు. అన్ని గదుల తీగలును వచ్చి చేరెడి పెట్టె. అంతస్తున కొకటిగా వానిని తాళము వేసిన చిన్న గదులలో నుంతురు. అక్కడనుండి గాజుతీగ విశ్వవిద్యాలయ కేంద్రమునకు పోవును.

ఈ పద్ధతికి ఈథర్‌నెట్ అని పేరు. 1973వ సంవత్సరమున అమెరికాలోని పాలో ఆల్టో యను నూరిలో, జిరాక్సు సంస్థ పరిశోధనాలయమున రాబర్టు మెట్‌కాఫ్ అను నాయన దీనిని యోచించి, డేవిడ్ బాగ్స్ అను సహచరునితో గూడి నిర్మించెను. వెలుతురును మోసికొనిపోవునని పూర్వపు శాస్త్రజ్ఞులు భావించిన ఈథర్ అను పదార్థమును తలచి ఆ పేరిడెను. మన పెద్దలు శబ్దమును మోయునది ఆకాశమనిరి గదా, అట్టి భావమే.

ఇక అంకెలు. ఇవి రెండు. మొదటిది మ్యాక్ అడ్రసు. నెట్‌వర్కునకు తగులు ప్రతి సాధనమునకును అది తయారైనపుడే ఇయ్యబడునట్టిది, పుట్టుమచ్చవంటిదనుకొనుడు. కంప్యూటరులోని వైఫై భాగమునకు ఒకటి, తీగ రంధ్రమునకు వేఱొకటి, బయట కొని తగిలించిన అడాప్టరునకు ఇంకొకటి యుండును. మేము మూడు దినములు తిరిగినది ఈ భేదము తెలియకయే. మఱియొక చిక్కు కూడ గలదు. ఈ కాలపు చేతిఫోనులు, తమ జాడ పరులు కనిపెట్టకుండుటకై, నిజమైన పుట్టుమచ్చను దాచి ఒక్కొక్క నెట్‌వర్కునకు ఒక్కొక్క కల్పితపు అంకెను చూపును. ఇది మంచిదే గాని, అంకెను ముందుగా నమోదు చేసికొనెడి హాస్టళ్ళలో నమోదైన అంకె యొకటి, ఫోను చూపు అంకె మఱియొకటి యగుట గలదు. అపు డా హాస్టలు నెట్‌వర్కునకు మాత్రము నిజమైన అంకెనే చూపునట్లు ఫోనులో మార్చుకొనవచ్చును.

రెండవది ఐపి అడ్రసు. ఇది అద్దెయింటి నంబరువంటిది. కంప్యూటరు తగిలింపగానే "నేను వచ్చితిని, నాకొక చిరునామా యిండు" అని యడుగును. కేంద్రమున నున్న యంత్రము ఖాళీగానున్న యొకదానిని కొంతకాలమునకు అద్దె కిచ్చినట్లిచ్చును. గడువు తీరకముందే అద్దెను మరల పొడిగించుకొనవలెను. పాత పద్ధతి చిరునామాలు ప్రపంచమంతటికిని కలిపి 429 కోట్లు మాత్రమే. మనుష్యులు 800 కోట్లకు మించిరి. కావుననే పెక్కు విశ్వవిద్యాలయములు లోపల నొక విధమైన చిరునామాలను వాడుకొనుచు, బయటికి కొలది చిరునామాలతో కనబడుచున్నవి.

నమోదు అనునది ఈ రెంటికిని పిల్ల పేరును జతపఱచుట. ఈ పుట్టుమచ్చగల సాధనము ఈ విద్యార్థినిదని కార్యాలయమువారు వ్రాసికొందురు. ఆ తీగలోనుండి పోవు ప్రతి పనియు ఆమె పేరనే లెక్క పడును. ఈ సంగతి పిల్లకు తెలియవలెను. స్నేహితురాలికి చీర యెరువిచ్చిన చీరయే మాయును. పాస్‌వర్డు ఎరువిచ్చిన పేరు మాయును.

మన దేశమున విద్యాసంస్థల కంప్యూటర్లను కలుపు ఎర్నెట్ అను పథకము 1986వ సంవత్సరమున మొదలయ్యెను. సామాన్యప్రజలకు ఇంటర్నెట్టు 1995వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన అందుబాటులోనికి వచ్చెను. ఇప్పుడు ఎడ్యురోమ్ అను నొక యేర్పాటు 100కు పైగా దేశములలో నున్నది. మన దేశమునను కలదు. అందు చేరిన విశ్వవిద్యాలయపు విద్యార్థిని మఱియొక విద్యాలయమునకు పోయినపుడు తన యింటి పాస్‌వర్డుతోనే అక్కడి వైఫైని వాడుకొనవచ్చును. ఆమెను గుర్తించునది ఆతిథ్యమిచ్చు విద్యాలయము కాదు, ఆమె స్వంత విద్యాలయమే. పుట్టింటి పేరు చెప్పిన పొరుగూరిలో పీట వేసినట్లు.

ఒక స్త్రీ యిచ్చిన గది, ఒక స్త్రీ కనిపెట్టిన యుపాయము

గదికిని తీగకును గల సంబంధము నెఱుగుటకు అమెరికాలోని ఎం.ఐ.టి. అను సుప్రసిద్ధ శాస్త్రవిద్యాలయపు కథ యొకటి చెప్పవలెను. అచ్చట స్త్రీలు చదువగూడదను నిషేధము లేదు. ఐనను స్త్రీలసంఖ్య చాలకాలము మిక్కిలి తక్కువగనే యుండెను. వారు వసించుటకు చోటు లేకపోవుట అందుకొక ముఖ్యకారణము. విద్యాలయ ప్రాంగణమున వారికి వసతి లేదు. కొలదిమంది నదికి ఆవల బోస్టను పట్టణమున నొక యింటిలో నుండిరి. 1904వ సంవత్సరమున అక్కడనే జీవశాస్త్రమున పట్టము పొందిన కాథరిన్ డెక్స్‌టర్ మెక్కార్మిక్ అను ధనవంతురాలు వృద్ధాప్యమున ఈ లోపమును తీర్ప సంకల్పించి, స్త్రీల కొఱకు వసతిగృహమును కట్టించి యిచ్చెను. అది 1963వ సంవత్సరమున తెఱవబడెను.

తరువాత కొలది యేండ్లకు ఆ విద్యాలయమున చేరిన వారిలో రేడియా పెర్ల్‌మన్ ఒకరు. వేయిమందికి ఏబదిమంది స్త్రీలు మాత్రమే యుండిన తరగతి అది. స్త్రీలకు వసతిగృహ మొక్కటియే యుండుటచే అంతకు మించి చేర్చుకొన వీలులేకుండెనని చెప్పుదురు. ఆమె గణితము చదివి, 1985వ సంవత్సర ప్రాంతమున డిజిటల్ అను సంస్థలో పనిచేయుచు, నేడు లోకమంతట నెట్‌వర్కుల నిలుపుచున్న యొక యుపాయమును కనిపెట్టెను.

ఆ యుపాయ మెట్టిదనగా: భవనములలోని స్విచ్చీలను ఒకదాని కొకటి తీగలతో కలుపుదురు. ఒక తీగ తెగినను పని యాగకుండుటకై అదనపు తీగలు కూడ వేయుదురు. ఆ అదనపు తీగలచే వలయ మేర్పడిన, అందఱికిని ఉద్దేశింపబడిన వార్త ఆ వలయమున ఎడతెగక తిరుగుచు, తిరిగినకొలది పెరిగి, నెట్‌వర్కంతయు స్తంభించును. పెర్ల్‌మన్ ఉపాయముచే స్విచ్చీలు తమలో తాము మాటలాడుకొని, ఒకదానిని మొదలుగా నెంచుకొని, చెట్టుకు కొమ్మలు చీలినట్లు దారి నేర్పఱచుకొని, వలయము చేయు తీగలను నిద్రబుచ్చును. ఒక కొమ్మ విఱిగినపుడు నిద్రించుచున్న తీగ మేలుకొనును. ఈ యుపాయమును ఆమె చిన్న పద్యముగా కూడ వ్రాసెను.

ఒక స్త్రీ గది కట్టించుటచే అచ్చట ఆడపిల్లలకు చోటు పెరిగినది. ఆ పిల్లలలో నొకతె కనిపెట్టిన యుపాయముచే ఈనాడు వసతిగృహముల తీగలు చిక్కుపడక యున్నవి. ఆడపిల్ల కొక గది యిచ్చిన అందుండి ఏమి వచ్చునో ఎవరు చెప్పగలరు?

గదులకు తీగలు వచ్చుటయు ఆ దశాబ్దముననే. 1984వ సంవత్సరమున అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలవారు విద్యార్థుల వసతిగృహములకు నెట్‌వర్కు తీగలు లాగించిరి. స్త్రీలను పట్టపు తరగతులలో చేర్చుకొనుట ఆ కళాశాలలో 1972వ సంవత్సరముననే మొదలైనది. అటుపిమ్మట అక్కడి విశ్వవిద్యాలయములలో "ఒక్కొక్క తలగడకు ఒక్కొక్క సాకెట్టు" అను వాడుక పుట్టెను. ఎన్ని మంచములో అన్ని తీగలు. పంక్తిలో ఎన్ని విస్తళ్ళో అన్ని వడ్డనలు అనునట్టి న్యాయమిది.

ఊరుమ్మడి బావి

హాస్టలు నెట్‌వర్కు ఊరుమ్మడి బావివంటిది. ఒక్కరి అశ్రద్ధ అందఱికిని తగులును. ఇందుకు 2003వ సంవత్సరమున జరిగిన సంగతి నిదర్శనము. ఆ యేడు జూలై 16వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థవారు తమ విండోసులో నున్న యొక లోపమును ప్రకటించి, దానిని పూడ్చు మరమ్మతును గూడ ఇచ్చిరి. పెక్కుమంది దానిని వేసికొనలేదు. ఆగస్టు 11వ తేదీన బ్లాస్టర్ అను కంప్యూటరు పురుగు ఆ లోపముగుండ ప్రాకనారంభించెను. ఎవరును ఏ వార్తను తెఱవనక్కఱలేదు; నెట్‌వర్కునకు తగిలియున్న చాలును. కంప్యూటరు ఒక్క నిమిషములో ఆగిపోవునని తెరపై హెచ్చరిక కనబడి, అట్లే ఆగి మరల మొదలగుచుండెను. సరిగా ఆ దినములలోనే సెలవులు ముగిసి, అమెరికా విద్యార్థులు తమ కంప్యూటర్లతో వసతిగృహములకు తిరిగి వచ్చిరి. వేసవియంతయు మరమ్మతు లేక పడియుండిన యంత్రములవి. పెక్కు విశ్వవిద్యాలయములు మరమ్మతు నింపిన డిస్కులను పిల్లలకు పంచిపెట్టి, శుభ్రమని తేలినగాని తీగ నియ్యలేదు. క్రొత్తగా తగిలించిన కంప్యూటరును పరీక్షించి, రోగిష్ఠిదైనచో వేఱుగా నుంచెడి ఆచారము అప్పటినుండి బలపడెను. కావున మొదటి దినమున "ముందు మరమ్మతులు వేసికొనుము" అని తెరపై కనబడిన పిల్ల విసుగుకొనరాదు. ఊరినుండి వచ్చి కాళ్ళు కడుగుకొని లోనికి వచ్చుటవంటి దిది. బయలుదేరకముందే యింటివద్ద మరమ్మతు లన్నియు వేసికొనుట మఱియు మేలు.

హాస్టలులో తఱచుగా జరుగు పొరపాట్లు మఱి రెండు గలవు. మొదటిది స్వంత రూటరును తెచ్చి గోడ సాకెట్టుకు తగిలించుట. దానిని తప్పు రంధ్రమున తగిలించినచో, అది కేంద్రయంత్రమునకు పోటీగా అంతస్తులోని వారందఱికిని తప్పుడు చిరునామాలు పంచును. నలుబదిమంది పిల్లల చదువాగును. కారణ మొకతె మంచము క్రింద నుండును. రెండవది, తీగ రెండు కొనలను ఒకే స్విచ్చికి తగిలించి వలయము చేయుట. దుకాణములలో దొరకు చవుక స్విచ్చీలు కొన్నింటికి పెర్ల్‌మన్ ఉపాయము తెలియదు. కావున ఇట్టివానిని తెచ్చుటకుముందు హాస్టలువారి నియమమును అడిగి తెలిసికొనవలెను.

పిల్ల గుట్టు

ఉమ్మడి బావికి పోయినను మన యింటి తలుపు మనము మూసికొనియే పోవుదుము. క్రొత్త నెట్‌వర్కునకు తగిలించినపుడు కంప్యూటరులో ఇది ఇంటి నెట్‌వర్కా, బహిరంగ నెట్‌వర్కా యని నిర్ణయించు చోటొకటి యుండును. హాస్టలు ఎంత ఇల్లువలె నున్నను, బహిరంగమనియే చెప్పవలెను. అట్లు చెప్పినచో ఇతరుల కంప్యూటర్లకు మన కంప్యూటరు కనబడకుండ తెరలు దింపుకొనును. ఇంటివద్ద అన్నదమ్ములతో పంచుకొనుటకై తెఱచి పెట్టిన ఫోటోల సంచి ఏదైన నుండిన, దానిని ముందే మూయవలెను. అది హాస్టలు తీగపై అందఱికిని కనబడు ప్రమాదము గలదు.

పాస్‌వర్డు పొడవుగా నుండవలెను. పిల్ల పేరు, పుట్టినదినము, ఊరి పేరు పనికిరావు. సంబంధము లేని నాలుగైదు మాటలను కూర్చిన జ్ఞాపకముండును. పరుల కూహ కందదు. విశ్వవిద్యాలయపు పాస్‌వర్డును వేఱే చోట వాడరాదు. హాస్టలు వైఫై పేరుతోనే దొంగ వైఫై పెట్టువారు గలరు గనుక, "ఈ నెట్‌వర్కును నమ్మవచ్చునా" యని కంప్యూటరు అడిగినపుడు చూడకయే ఔననరాదు. కార్యాలయమువా రిచ్చిన వివరములతో సరిచూచుకొనవలెను. తెరపై నున్న కెమెరాకు వాడనపు డొక చిన్న మూత యుంచుట మంచిది.

ఏదైన కీడు జరిగినచో పిల్ల మొదట చెప్పుకొనవలసినది తల్లితోనే. చెప్పిన వెంటనే "ఆ కంప్యూటరు మూసివేసి యింటికి రమ్ము" అను తల్లికి పిల్ల రెండవమారు ఏమియు చెప్పదు. కంచె విఱిగిన కంచెను బాగుచేయవలెను గాని, పైరును పీకివేయరాదు.

గేటును తీగయు

ఇక మేము ముఖ్యముగ చెప్పదలచిన మాట. కేరళమున కోళిక్కోడు సమీపమున నొక కళాశాల ఆడపిల్లల హాస్టలులో, సాయంకాలము 6 గంటలనుండి 10 గంటలవఱకు చేతిఫోనులు వాడగూడదని నియమించిరి. ఫహీమా షిరీన్ అను విద్యార్థిని, తన చదువునకు అవసరమైన దానిని వదలుకొనజాలననెను. ఆమెను హాస్టలునుండి వెడలగొట్టిరి. ఆమె ఉన్నతన్యాయస్థానమున మొఱపెట్టుకొనెను. 2019వ సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీన న్యాయమూర్తి పి.వి. ఆశగారు తీర్పు చెప్పుచు, ఇంటర్నెట్టును పొందు హక్కు విద్యాహక్కులోను, గోప్యతాహక్కులోను భాగమని నిర్ణయించి, ఆ విద్యార్థినిని మరల హాస్టలులో చేర్చుకొనవలసినదని ఆజ్ఞాపించిరి. అడిగినది ఆడపిల్ల, తీర్పు చెప్పినది స్త్రీ.

ఆ నియమము చేసినవారును పిల్లల మేలు కొఱకే చేసితిమని తలంచియుందురు. రాత్రివేళ నిద్ర చెడుట, వ్యర్థప్రసంగములు, మోసములు, ఇవి లేవని మేమనము. ఇవి మగపిల్లలకును గలవు. వారికి మాత్రము బుద్ధి చెప్పి విడిచి, ఆడపిల్లలకు తీగయే తీసివేయుట న్యాయము కాదు. వయస్సు వచ్చిన పిల్లకు మితము నేర్పవలెను గాని, తాళము వేయరాదు.

మఱియొక పొరపాటునకు గూడ తావీయరాదు. గదిలో తీగ యిచ్చితిమి గదా, ఇక గ్రంథాలయమునకును ప్రయోగశాలకును రాత్రిపూట పోనేల యని గేటును మఱింత ముందుగా మూయువారు గలరు. 2015వ సంవత్సరమున ఢిల్లీలో విద్యార్థినులు ఈ వేళల భేదమును గూర్చియే వీథికెక్కిరి. తీగలోనుండి పుస్తకము రావచ్చును. తోడి విద్యార్థులతో వాదము, గురువు ప్రక్కన నిలిచి చేయు ప్రయోగము రావు. కిటికీ యున్నదని వాకిలి మూయుదురా? మా పిల్లకు ఆనాడు తీగ పనిచేయుటచే గడువు దాటకుండెను, నిజమే. కాని గేటు తెఱచియుండిన ఆమెకు ఆ కన్నీరే లేకపోవును గదా.

కావున సోదరీమణులారా, ఈమారు పిల్ల పెట్టె సర్దునపుడు కంప్యూటరు కడ ఊరకుండకుడు. మూడు నాలుగు మీటర్ల తీగ, అడాప్టరు కావలసిన అడాప్టరు, దాని అంకెను వ్రాసిన చీటి పెట్టుడు. మరమ్మతు లయినవా యని యడుగుడు. హాస్టలునకు పోయినపుడు నీరు వచ్చు వేళలను, భోజనపు వేళలను అడిగినట్లే, గదిలో తీగ పనిచేయుచున్నదా, చెడిన ఎవరితో చెప్పుకొనవలెను, ఆడపిల్లలకును మగపిల్లలకును ఒకే వేళలా యని కూడ వార్డెనుగారి నడుగుడు. పదిమంది తల్లులు అడిగిన ప్రశ్నను ఏ కార్యాలయమును చిరకాలము త్రోసివేయజాలదు.

మొన్న పండుగకు మా పిల్ల యింటికి వచ్చినది. ఈ యేడు క్రొత్తగా చేరిన పిల్లల గదులకు తాను పోయి, వారి తీగలు తగిలించి, అంకెలు సరిచూచి వచ్చితినని చెప్పెను. "ఎవరైన అడిగిరా?" యంటిమి. "అడుగలేదు పిన్నీ, తలుపు తెఱచి యున్నది, ఏడ్చుచుండిరి" అనెను.